ముప్పై గడుల జంపఖానా

పడుగు వేసే ముందు నేతగాడు రాజలింగు బడికి పోయి పిల్లలను కూర్చోబెట్టి కొలిచాడు.

గజాల లెక్క చెబితే చాలని సారంగపాణి సారు అన్నాడు. తెల్లవి రెండు పొడుగు జంపఖానాలు కావాలి, అంతే. ఆ ఏడు సర్కారు గరీబు పిల్లల కోసమని బడికి వేరుగా సొమ్ము పంపింది. దాంతో పలకలు వచ్చాయి. ముప్పైమందికి ఫీజు మాఫీ అయింది. పగటిపూట పిడికెడు పుట్నాలు, ఒక బెల్లం ముక్క పెడుతున్నారు. మిగిలిన దాంతో ఆ ముప్పైమంది కిందికి జంపఖానాలు నేయించమని పైనుంచి వచ్చిన కాగితంలో ఉంది. బల్లలు ఫీజు కట్టే పిల్లలకే చాలడం లేదు. వీళ్లు మట్టినేల మీద కూర్చుంటున్నారు.

రాజలింగు ఒక నూలుతాడును యాకయ్య ఈ మోకాలి నుంచి ఆ మోకాలికి పట్టాడు. యాకయ్య చాకలి కైలాసం కొడుకు. తాడు తగిలితే చక్కిలిగిలి పుట్టి మెలికలు తిరుగుతున్నాడు.

"కదలకురా. కదిలితె నీ జాగ నువ్వే తక్కువ జేస్కుంటవ్."

"గింత జాగ మొత్తం నాదేనా కాకా?"

"నీదే."

"ఎవ్వలు దొబ్బరు గదా?"

"దొబ్బితె అది నా జాగ అని చెప్పు."

తాడుకు ముడి వేసి పక్కపిల్ల దగ్గరికి జరిగాడు. పదిహేను ముళ్లు ఒక తాడుకు, పదిహేను ఇంకొక తాడుకు. ఆ పదిహేనులో కడపటి ముడి తన కూతురు కట్టమ్మది. ఆమెకు తొమ్మిదేళ్లు. తండ్రి తనను కూడా అందరిలాగే కొలుస్తుంటే తల దించుకుని, పలక మీద ఏదో చూస్తున్నట్టు కూర్చుంది.

సారంగపాణి సారు గడప దగ్గర నిలబడి చూస్తున్నాడు. "ఏందయ్యా రాజలింగూ, జంపఖానా నేస్తవా, అంగీలు కుడ్తవా?"

"సారూ, మీరు కొత్తగొచ్చిన్రు. అంతకుముందు సారున్నప్పుడు గూడ ఈ పోరగాండ్లకని ఒకటి నేసిచ్చిన. తెల్లదే. ఆర్నెల్లు గాకముందే ఒక పెద్దమనిషి బిడ్డ పెండ్లికి పోతె నా జంపఖానా మీదనే నాకు ఇస్తారాకు ఏసిన్రు. కూసోని తిన్న. ఏం జేస్త?"

సారు నవ్వలేదు. "ఇప్పుడేం జేద్దామంటవ్ మరి?"

"పెండ్లిల పరవరాకుంట నేస్త. మసీదులకు నేసే జంపఖానల మనిషికొక గడి ఉంటది గదా. నవాబు నిలవడ్డా గంతే జాగ, జట్కా తోలెటోడు నిలవడ్డా గంతే జాగ. గట్ల పోరనికొక గడి పెడ్త. గడిల వాని గుర్తు పెడ్త. అక్షరం రాకున్నా ఎవనిది వానికి ఎర్కైతది. ఇంకొకడు కూసుంటె అందరికి ఎర్కైతది."

సారు ముళ్లు వేసిన తాడు వైపు చూశాడు. "మంచిగనే ఉన్నది. కని సర్కారు తెల్లనూలుకే చిట్టీ ఇచ్చింది. రంగునూలు నేను తేలేను."

"రంగు నేను జూస్కుంట."

ఎవరికి ఏ గుర్తు కావాలో పిల్లలనే అడిగాడు. కుమ్మరి పిల్లవాడు కుండ అన్నాడు. మేకలు కాసేవాళ్ల పిల్లవాడు మేక అన్నాడు. బీడీలు చుట్టే పోశవ్వ బిడ్డ సమ్మమ్మ ఆకు అంది. ఒకడు కాజీపేట రైలింజను కావాలన్నాడు. యాకయ్య గాడిద అన్నాడు. అందరూ నవ్వినా మాట మార్చుకోలేదు.

"నీకేం గావాలె బిడ్డా?" అని అందరి తర్వాత కట్టమ్మను అడిగాడు.

"పిట్ట," అంది.

*

యుద్ధం రోజులు. రంగు దొరకడం లేదు, దొరికినా కొనేటట్టు లేదు. మల్లవ్వ దూలం మీద నుంచి రేకు డబ్బా దించి మొగుడి ముందు పెట్టింది. ఎన్నో ఏండ్ల నుంచి మిగిలిన రంగునూలు ముక్కలన్నీ అందులో ఉన్నాయి. ఎర్రవి, నీలివి, కొన్ని పసుపువి.

"ఒక చీరకు అంచన్న అయితదని దాస్కున్న," అంది. "ఇగ గాడిద చెవులకు పెట్టు."

"గాడిదకు నీలి పెడ్త. ఎర్రది నీ బిడ్డ పిట్టకు."

"నా బిడ్డనట. నీ బిడ్డ గానట్టు."

మొదటి వరుసకు పదకొండు రోజులు పట్టింది. ఒక్కొక్క గుర్తుకు చిన్న చిన్న నూలు కండెలు వేరుగా కావాలి. కట్టమ్మ బడి నుంచి రాగానే రాట్నం ముందు కూర్చుని చుట్టేది. రాజలింగు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పడుగు పోగుల మధ్య వేళ్లతో రంగునూలు దూర్చి, దువ్వెనలాంటి పంజాతో దగ్గరికి కొట్టేవాడు. ఇనుప పంజా దెబ్బ దెబ్బకు ఇల్లు చిన్నగా అదిరేది. గడికీ గడికీ మధ్య రెండు వేళ్ల వెడల్పు తెల్లగా వదిలాడు. ఎవరి సరిహద్దు వాళ్లకు తెలియాలి కదా.

గాడిద సరిగ్గా రాలేదు. నాలుగు కాళ్లూ వచ్చాయి కానీ తల కుదరలేదు. మొదటి వరుసను బడిలో పరిచిన రోజు యాకయ్య దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"కాకా, చెవులు జర చిన్నగైనయి."

"గాడిద పెద్దగైతె పెరుగుతయి తియ్."

వాడు ఒప్పుకుని కూర్చున్నాడు. ఆ రోజు నుంచి బడి గంట కొట్టకముందే పిల్లలు వచ్చి తమ గడుల మీద కూర్చుంటున్నారని, బల్లమీది పిల్లలు కూడా మాకూ గుర్తులు కావాలని అడుగుతున్నారని సారు చెప్పాడు. రాజలింగు ఆ మాట ఇంటికి వచ్చి మల్లవ్వకు రెండుసార్లు చెప్పాడు.

రెండో వరుస సగంలో ఉండగా సోమవారం నాడు సారు కబురు చేశాడు. బేస్తవారం పొద్దున తనిఖీ సాబు వస్తున్నాడు. సర్కారు సొమ్ము ఏమైందో చూసిపోతాడు. ఆలోగా జంపఖానా అందాలి.

ఏడు గడులు మిగిలి ఉన్నాయి. మల్లవ్వకు చలిజ్వరం. ఆమె గొంగడి కప్పుకుని మూలకు పడుకుని ఉంది. రాజలింగు మగ్గం దిగకుండా నేయాలంటే కండెలు అందించే చెయ్యి కావాలి.

"రెండొద్దులు బడి బందు పెడ్తవా బిడ్డా? నీ బడి పనే గదా ఇది."

కట్టమ్మ పలకను గూట్లో పెట్టి వచ్చి రాట్నం ముందు కూర్చుంది. మంగళవారం, బుధవారం అక్కడే కూర్చుంది. ఎర్రనూలు రంగు వదిలేది. చుట్టి చుట్టి చూపుడువేలు, బొటనవేలు గోళ్ల దాకా ఎర్రబడ్డాయి. మధ్య మధ్య లేచి తల్లికి నీళ్లు తాపి వచ్చేది.

"నా పిట్ట ఎప్పుడు నేస్తవ్ బాపూ?"

"అందరియి అయినంక."

బువ్వ పెట్టేటప్పుడు ఇంటిపిల్లకు కడపట పెట్టినట్టు, ఆమె గడిని చివరికి ఉంచాడు. బేస్తవారం తెల్లవారేసరికి పిట్టకు ముక్కు పెట్టి, తోక పెట్టి, అంచు కొట్టి కోశాడు. పోగులు ముడివేశాడు. చూడమని చెబుదామని తిరిగితే కట్టమ్మ రాట్నం పక్కనే నేల మీద ముడుచుకుని నిద్రపోయి ఉంది. ఒక చెయ్యి ఇంకా రాట్నం మీదే ఉంది.

మిల్లు కూత వేసింది. మల్లవ్వ గొంగడిలో నుంచి తల ఎత్తింది.

"లేపు. బడికి పోవద్దా?"

రాజలింగు వంగి కూతురి చెయ్యి రాట్నం మీది నుంచి తీసి కింద పెట్టాడు. అరచేయి వేడిగా ఉంది. "పండనియ్. ఇయ్యాల జంపఖానాను జూడొస్తాండు ఆయన. ఈమెను జూడొస్తాండా?"

జంపఖానా చుట్టను భుజం మీద వేసుకుని వెళ్లిపోయాడు.

*

రెండో వరుసను సారు, రాజలింగు కలిసి మొదటిదాని వెనుక సూటిగా పరిచారు. పిల్లలు గోడ పక్కన నిలబడి చూస్తున్నారు. పరచడం అయ్యీ కాగానే కొత్తగడులు వచ్చిన వాళ్లు పరుగెత్తి తమ గుర్తులు వెతుక్కుని కూర్చున్నారు. అప్పుడు కనిపించాయి ఖాళీలు. ఆకు, కుండ, మేక, చివరన పిట్ట, మధ్య మధ్య ఇంకో నాలుగు.

"మిగిలినోళ్లేరి?" అని సారు అడిగాడు.

"కంట్రోలు దుకాణంల జొన్నలొచ్చినయి సార్. లైన్ల నిలవడ్డరు," అన్నాడు యాకయ్య.

సారు బల్ల మీది రిజిస్టరు వైపు చూశాడు. తనిఖీ రోజున అందరు సార్లూ చేసినట్టే ఆయన కూడా పొద్దున్నే ముప్పైమందికీ హాజరు వేసి పెట్టాడు. బయట జట్కా గంట వినిపించింది.

తనిఖీ సాబు నల్ల షేర్వాణీ వేసుకున్న బక్కపలచని మనిషి. గడపలోనే బూట్లు విడిచాడు. జంపఖానాలు చూసి ఆగాడు. వంగి అంచును బొటనవేలితో రుద్ది చూశాడు.

"ఎవరు నేసిన్రు ఇది?"

రాజలింగు చేతులు కట్టుకున్నాడు. సారంగపాణి సారు గుర్తుల సంగతి చెప్పాడు. చెప్తూ చెప్తూ బల్ల మీద కూర్చున్న ఒక పిల్లవాడికి కంటితో సైగ చేశాడు. వాడు మెల్లగా దిగి వచ్చి ఆకు గడిలో కూర్చున్నాడు.

సాబు యాకయ్య ముందు గొంతుక్కూర్చున్నాడు. "నీది ఏ గుర్తు బేటా?"

"గాడిద సాబ్."

"ఇది గాడిదనా? కుర్చీ అనుకున్న."

"చెవులు జూడుండ్రి సాబ్."

సాబు నవ్వాడు. చాలాకాలానికి నవ్వినవాడిలా నవ్వాడు. ఆ నవ్వుకు యాకయ్యకు ధైర్యం వచ్చింది. తిరిగి వెనక్కు చూసి, "ఓయ్," అన్నాడు, "అది సమ్మమ్మ గడి. నీది గాదు. లెవ్వు."

బల్లమీది పిల్లవాడు సారు వైపు చూశాడు. సారు నేల చూశాడు. పిల్లవాడు లేచి పోయి బల్ల మీద కూర్చున్నాడు.

సాబు లేచి వరుసల మధ్య నడుస్తూ ఖాళీ గడుల మీద ఒక్కొక్కటిగా వేలు చూపాడు. రిజిస్టరు తెప్పించుకున్నాడు. రాజలింగుకు అప్పుడు అర్థమైంది. వంగి సాబు కాళ్ల దగ్గరి నేల తాకాడు.

"సాబ్, ఆ కొసకున్న పిట్ట నా బిడ్డది. ఇంట్లనే ఉన్నది. ఉరికి తీస్కొస్త."

సమాధానం కోసం ఆగలేదు. రెండు వాడలు దాటి ఇంటికి ఉరికాడు. కట్టమ్మను రెక్క పట్టి లేపాడు. ఆమె నిద్రకళ్లతోనే గూట్లో పలక కోసం తడిమింది. ముఖం కడుక్కోలేదు, తల దువ్వలేదు. తండ్రి చెయ్యి పట్టుకుని ఉరికింది. దారిలో ఒకసారి పలక జారి పడితే ఆగి తీసుకుంది. పగల్లేదు.

వాళ్లు బడి మలుపు తిరిగేసరికి జట్కా ఎదురుగా వచ్చి పక్కనుంచి పోయింది. లోపల సాబు కాగితాలు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. "సాబ్," అని రాజలింగు పిలిచాడు. గుర్రం గజ్జెల చప్పుడు ఎక్కువగా ఉంది.

కట్టమ్మ బడిలోకి పోయింది. రెండో వరుస కొసకు నడిచి పిట్టను చూసింది. ఎర్రబడ్డ వేలితో దాని ముక్కును ముట్టుకుని, దాని మీద సరిగ్గా కూర్చుంది.

*

మరునాడు సారంగపాణి సారు ఇంటికి వచ్చాడు. మల్లవ్వ లేచి పీట వేసింది. ఆయన కూర్చోలేదు.

"రిజిస్టర్ల ముప్పై ఉన్నది, జంపఖానా మీద ఇరవై రెండే ఉన్నది అన్నడు. నేను జంపఖానానే నమ్ముత అన్నడు. మంచోడే రాజలింగూ. తప్పుడు హాజరేసినవని రాస్తె నా నౌకరి పోతుండె. అది రాయలే. ఈ బడిల గరీబు పిల్లలు ఇరవై ఇద్దరే, సర్కారు ఇమ్దాదు సొమ్ము ఆళ్లకే సాలు అని రాసిండు. నామీద దయదల్సిండు."

"మా బిడ్డ ఆ జంపఖానా కోసమే ఆగిపోయె గదా సారూ. చెప్పలేదా?"

"చెప్పిన. అయ్యో అన్నడు. కని రాసెతందుకు ఆ కాయిదంల జాగ లేదన్నడు."

"పైకి ఒక దర్కాస్తు పెడ్తె?"

"పెడ్తె రిజిస్టరు సంగతి బయటికొస్తది. నేను పోత. నాతోని ఆ ఇరవై ఇద్దరి సంగతి గూడ పోతది." ఆయన గొంతు తగ్గించాడు. "ఫీజు గట్టి సదివిస్తవా?"

మల్లవ్వ దూలం మీది రేకు డబ్బా వైపు చూసింది. అందులో ఇప్పుడు ఏమీ లేదు.

గోడ అవతల నుంచి సమ్మమ్మ తల్లి పోశవ్వ గొంతు వచ్చింది. ఆమె బీడీల చాట ఒళ్లో పెట్టుకుని అంతా వింటూనే ఉంది. "ఆకు నేసెనట ఆకు. ఎన్కట తనిఖీ అయితె బల్లల మీదోళ్లను దించి కింద కూసోవెడ్తుండ్రి. లెక్క సరిపోతుండె. నా బిడ్డ జొన్నలు దెస్తుండె, బడిల పేరు ఉంటుండె. నిన్ను ఎవలు నెయ్యుమన్నరే బావా గుర్తులు?"

"ఊకో పోశవ్వా," అంది మల్లవ్వ.

"ఊకుంట. ఊకోక ఏం జేస్త?"

సారు గోడ వైపు చూసి, మళ్లీ రాజలింగు వైపు చూశాడు. ఇంకా పోవడం లేదు. చంకలో నుంచి ఒక జంపఖానా చుట్ట తీసి కింద పెట్టాడు. రెండోది బయట యాకయ్య భుజం మీద ఉంది.

"మూడు నెలల్ల మల్ల వస్తడు. అప్పుడు గూడ ఖాళీ గడులు కండ్లవడితె మొత్తం ఇమ్దాదే బందు పెడ్తనన్నడు. గడులు ఇరవై రెండే ఉండాలె." చుట్టను రాజలింగు వైపు జరిపాడు. "వేరేటోనితోని కోయిస్తె పోగులు ఇడిపోతయి. నువ్వైతె..."

రాజలింగు చుట్ట విప్పాడు. ఇల్లు చాలలేదు, సగం గడప దాటి బయటికి పోయింది. కత్తెర తెచ్చుకుని దాని ముందు కూర్చున్నాడు. గడికీ గడికీ మధ్య వదిలిన తెల్లపట్టీ రెండు వేళ్ల వెడల్పు ఉంది. కోతకు అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. అసలు అందుకోసమే వదిలినట్టుంది.

మొదట కుండను కోశాడు. అటూ ఇటూ పడుగు పోగులు పేని, నాలుగు నాలుగు కలిపి ముడివేసి, రెండు ముక్కలను దబ్బనంతో దగ్గరికి కుట్టాడు. కుట్టు పైకి కనిపించకుండా లోపలికి దాచాడు. తర్వాత మేక. తర్వాత ఆకు. యాకయ్య గడపలో కూర్చుని చూస్తున్నాడు. కోసిన ముక్కలను తీసుకుని ఒకదాని మీద ఒకటి పేర్చాడు.

"కాకా, ఆ పోరన్ని నేను లెవ్వుమనకుంటె అయిపోవు గదా."

"నువ్వు సక్కగనే అన్నవ్ బిడ్డా. నేనే గట్ల అనుమన్న."

యాకయ్యకు అది సరిపోలేదు. చాలాసేపు గాడిద చెవిని గోకుతూ కూర్చున్నాడు.

పిట్ట కొసన ఉంది. దాన్ని తీయడానికి ఒక్క కోత చాలు. కుట్టు కూడా అక్కర్లేదు. రాజలింగు దానికి కత్తెర పెట్టి కూతురి కోసం చుట్టూ చూశాడు. కట్టమ్మ తల్లి పక్కన కూర్చుని చూస్తోంది.

"కొయ్యి బాపూ," అంది. "చీకటైతాంది."

*

సోమవారం పొద్దున రాజలింగు మగ్గానికి కొత్త పడుగు ఎక్కించాడు. నెక్కొండ షావుకారుకు తెల్ల దుప్పట్లు. గుర్తులు లేవు, గీతలు లేవు. మల్లవ్వకు ఇంకా ఓపిక రాలేదు. కట్టమ్మ రాట్నం కింద నేలను చీపురుతో ఊడ్చి, పిట్ట గడి పరిచి, దాని మీద కూర్చుంది. బడిలో కూర్చున్నట్టే మోకాళ్లు రెండూ అంచు దాటకుండా కూర్చుంది. వేళ్ల ఎరుపు ఇంకా పోలేదు. తెల్లనూలుకు అంటుతుందని చీర పేలికను వేలికి చుట్టుకుంది.

బడి గంట కొట్టారు. గాలి అటునుంచి వీస్తే వాళ్ల ఇంటికి అన్నీ వినిపిస్తాయి. ఆ రోజు వీస్తోంది. సారంగపాణి సారు హాజరు పిలుస్తున్నాడు. ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క గొంతు లేస్తోంది. యాకయ్య గొంతు అందరికంటే గట్టిగా వచ్చింది.

కట్టమ్మ రాట్నం తిప్పుతూనే ఉంది. ఒక పేరు అయింది. ఇంకొక పేరు అయింది. తన పేరు రావాల్సిన చోట రాట్నం ఆగింది. మగ్గం కూడా ఆగింది. సారు ఒక గుక్క ఆగినట్టనిపించింది, ఆగలేదేమో కూడా, తర్వాతి పేరు పిలిచాడు.

రాజలింగు పడుగు మీదికి వంగి, తల ఎత్తకుండా కండె కోసం చెయ్యి చాచాడు. కట్టమ్మ దాన్ని ఆ చేతిలో పెట్టింది.